రెక్క చెప్పిన లెక్క

ఆగస్టు 4

ల్యాబు రిజిస్టరులో అంకెలు మాత్రమే రాయాలి. అంకెలు కానివి నా బుర్రలో ఎక్కువైపోయాయి, అందుకే ఈ పుస్తకం.

నా పేరు నడకుదిటి నాంచారి. మిట్టకోన విశ్వవిద్యాలయంలో విమాన నిర్మాణం, యంత్రశాస్త్రం నాలుగో ఏడు. తరగతిలో ఆరుగురం. పాఠాలు పొద్దున ఐదున్నరకే మొదలవుతాయి, ఎనిమిది దాటాక ఎండకు ఆ రేకుల కప్పు కింద ఎవరూ కూర్చోలేరు. తొమ్మిది నుంచి ఐదు వరకు నాకు రెక్క దగ్గర డ్యూటీ.

రెక్క అంటే కొంగ రెక్క. సముద్రం పామర్రు దాకా వచ్చేశాక దివిసీమలో మిగిలినవి దిబ్బలే. వాటికి బియ్యం, మందులు, డాక్టర్లు అందేది నీళ్ళ మీద వాలే పద్నాలుగు విమానాల వల్లే. మా వాళ్ళు వాటిని కొంగలంటారు. ముప్పై ఏళ్ళ కిందట కట్టినవి. కట్టిన కర్మాగారం ఇప్పుడు లేదు, కొత్తవి రావు. అప్పట్లో మిగిలిపోయిన ఒకే ఒక్క రెక్కను మా షెడ్డు గోడకు బిగించి, కింద జాకీలు పెట్టి, తొమ్మిదేళ్ళుగా రాత్రింబవళ్ళు పైకీ కిందికీ వంచుతున్నారు. గంటసేపు వంచితే ఒక ప్రయాణం అయినట్టు లెక్క. ఈ పొద్దుటికి యాభై తొమ్మిది వేల నూట మూడు ప్రయాణాలు.

తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. రెక్కా అంతే. ఎన్నో ప్రయాణానికి తెగుతుందో తెలియాలి. అందుకే చట్టం ఒక హద్దు పెట్టింది: ఇక్కడి రెక్క ఎన్ని ప్రయాణాలు తట్టుకుందో అందులో సగానికి మించి ఏ కొంగా ఎగరకూడదు. అన్నిటికంటే ఎక్కువ తిరిగింది మూడో కొంగ. మా దిబ్బల లైనుది. దాని ప్రయాణాలు ఇరవై తొమ్మిది వేల నాలుగు వందల ఎనభై. వేసవిలో కరెంటు లేక మా పరీక్ష రెండు నెలలు ఆగింది కాబట్టి ఇప్పుడు దానికి మిగిలిన వెసులుబాటు డెబ్బై ప్రయాణాలు. రోజుకు ఆరు తిరుగుతుంది. అంటే మేం ఆగితే పన్నెండు రోజుల్లో అదీ ఆగాలి.

మా సింగారమ్మ మేనత్త వారానికి రెండుసార్లు మూడో కొంగలో బెజవాడ వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుంటుంది. నలభై నిమిషాల ప్రయాణం. పడవలో అయితే పదకొండు గంటలు.

కుర్చీలో పది నిమిషాలు కూర్చోలేకపోతున్నాను. లేచి రెక్క చుట్టూ తిరుగుతాను. ఎందుకో తెలియదు.

ఆగస్టు 10

నిండు బరువు మీద రెక్క కొస 412 మిల్లీమీటర్లు లేస్తుంది. నేను చేరినప్పటి నుంచీ అంతే. గురువారం 413. నిన్న 413. ఈరోజు 415.

లెక్కలన్నీ గణకి, అంటే మా ల్యాబు కంప్యూటరు, చేస్తుంది. రెక్క మీద అతికించిన కొలత తీగలు ఎప్పుడో చెడిపోయాయి, కొత్తవి దొరకవు. కాబట్టి జాకీల బరువు, కొస ఎత్తు మేమే కళ్ళతో చదివి గణకికి ఎక్కించి సంతకం పెడతాం. 415 ఎక్కించాను. "పరిధిలో ఉంది" అంది.

కమలాక్షి మేడమ్ మా విభాగాధిపతి. ఆవిడకు చూపించాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, "గోడ కొలిచావా?" అన్నారు.

"గోడా?"

"రెక్క గోడకే కదా బిగించి ఉంది. గోడ మొదట్లో ఒక పిసరు కదిలితే కొసకు మూడు మిల్లీమీటర్లు వస్తుంది. రెక్కను అనుమానించే ముందు మిగతావన్నీ అనుమానించు."

కొలిచాను. గోడ కదలలేదు. బోల్టులు కూడా బిగువుగానే ఉన్నాయి.

ఆగస్టు 19

ఈరోజు 421.

దస్తగిరి మామ ల్యాబు మెకానిక్కు. రెక్కతోపాటే ఇక్కడికి వచ్చిన మనిషి. పాత రూపాయి బిళ్ళ పట్టుకుని మధ్యాహ్నమంతా రెక్క మీద తడుతూ పోయాడు. బాగున్నచోట టంగుమంటుంది, లోపల విడిపోయినచోట బొదబొదమంటుంది.

"ఏం వినిపించింది మామా?"

"పైన రేకంతా బాగానే పలుకుతాండాది. లోపల దూలం సంగతి నాకెట్ల తెలుస్తాది మా? రేకు విప్పి చూడాల్సిందే."

రేకు విప్పి, చూసి, మళ్ళీ బిగించాలంటే మూడు వారాలు. మేడమ్ బల్ల మీద చేతులు ఆనించారు.

"ఇది పరీక్ష రెక్క. విరగడానికే పెట్టాం. విరిగితే మనకు జవాబు వస్తుంది. ఆపితే జవాబూ రాదు, కొంగా ఎగరదు. నడవనియ్యి. కానీ అరగంటకోసారి చదువు."

అరగంట కాదు, పావుగంటకోసారి చదువుతున్నాను.

ఆగస్టు 26

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు విరిగింది.

నేను జాకీ మీటరు చదువుతున్నాను. ముందు కిర్రుమంది. తర్వాత వచ్చిన చప్పుడు చెవులతో కాదు, అరికాళ్ళతో విన్నాను. రెక్క మొదలు నుంచి రెండు మూరల దూరంలో వాలిపోయి, మిగతాదంతా ఊయలలా వేలాడింది. రేకుల మీద పావురాలన్నీ లేచిపోయాయి. దస్తగిరి మామ జాకీల పంపు ఆపేసి నా దగ్గరికొచ్చి, భుజాలు పట్టుకుని, "దెబ్బ తగలలేదు గదా?" అని మూడుసార్లు అడిగాడు. తొమ్మిదేళ్ళ చప్పుడు ఆగిపోయేసరికి ఆ షెడ్డులో మా మాటలు మాకే కొత్తగా వినిపించాయి.

ఆగినచోట: యాభై తొమ్మిది వేల ఆరు వందల రెండు.

సెప్టెంబరు 3

రెక్క పరీక్ష మీద విశ్వవిద్యాలయం కమిటీ కూర్చుంది. అందరూ సంతోషంగా ఉన్నారు. యాభై తొమ్మిది వేల ఆరు వందల్లో సగం, ఇరవై తొమ్మిది వేల ఎనిమిది వందలు. మూడో కొంగ ఒక్కటే ఈ నెలాఖరుకు ఆ హద్దు చేరి విశ్రాంతి తీసుకుంటుంది. మిగతా పదమూడూ ఇంకా ఏళ్ళ తరబడి ఎగరొచ్చు. మా లైనుకు వేరే కొంగను వేస్తారట.

రెక్క విరిగినచోటి లోహపు ముఖాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చదవడం నా చివరి ఏడాది ప్రాజెక్టు అయింది. "రిజిస్టరు చెప్పిందే లోహమూ చెబుతుందని రుజువు చెయ్యాలి, అంతే. ఫిబ్రవరికల్లా అయిపోతుంది" అన్నారు మేడమ్.

అత్తకు ఫోన్ చేశాను.

"ఇరిగిందంటగా నీ రెక్క! ఊరంతా చెప్పుకుంటన్నారు. భయమేత్తంది ఎక్కాలంటే."

"అది విరగడమే మంచిదత్తా. ఎంతవరకు ఆగుతుందో తెలిసింది."

"సర్లే. నువ్వు సంతకం పెట్టావుగా, ఇంక నాకేంటి" అని నవ్వింది.

ఫోన్ పెట్టేశాక గ్లాసు మంచినీళ్ళు తాగాను. ఇంకో గ్లాసు కూడా తాగాను. దాహం తీరలేదు.

సెప్టెంబరు 11

పగులు ఎక్కడ పుట్టిందో దొరికింది. దూలం అడుగున ఒక రివెట్టు రంధ్రం అంచున.

ప్రతి ప్రయాణం చివర జాకీలు ఒక పెద్ద దెబ్బ వేస్తాయి, నీళ్ళ మీద వాలడానికి బదులుగా. ఆ దెబ్బకు పగులు ఒక్క గీతంత ముందుకు జరుగుతుంది. ఆ గీత లోహం మీద మిగిలిపోతుంది. నరికిన మానులో వలయాలు కనిపించినట్టే. ప్రతి వేసవిలో పరీక్ష ఆగిన రోజుల్లో గాలి తగిలి అక్కడ నల్లటి చార పడింది. అలాంటి చారలు ఆరు. అంటే ఈ పగులు వయసు ఆరేళ్ళు. రిజిస్టరు ప్రకారం ఈ ఆరేళ్ళలో నలభై వేల ప్రయాణాలు. నలభై వేల గీతలుండాలి.

ఫొటోలు తీసి, గడులు గీసి లెక్కపెడుతున్నాను. మధ్యమధ్యలో గీతలు కనపడని మసక పట్టీలున్నాయి. కటకం మురికేమోనని తుడిచాను. మళ్ళీ ఉన్నాయి.

సెప్టెంబరు 17

ఇరవై ఏడు వేలు.

మూడుసార్లు లెక్కపెట్టాను. మిగతా పదమూడు వేలూ ఆ మసక పట్టీల్లో ఉన్నాయి. అక్కడ పగులు కదిలీ కదలనట్టుంది. జాకీలు వంచాయి, కానీ చాలినంత బరువు లేకుండా వంచాయి.

నల్ల చారలను గుర్తుగా పెట్టుకుని ప్రతి పట్టీకీ తేదీలు వేశాను. చివరి నుంచి మూడో చారకు ముందున్న పట్టీకి వచ్చింది ఫిబ్రవరి 20 నుంచి మార్చి 10. నా మొదటి ఏడాది. రిజిస్టరు తీశాను. పంతొమ్మిది రోజులు, పగటి డ్యూటీ, కింద సంతకం నాది.

ఇది రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

ఆ నెలలో పంపు వేడెక్కి గంటకోసారి ఆగిపోయేది. ఆగినప్పుడల్లా నీళ్ళు పోసి, చల్లారాక మళ్ళీ నడపాలి. నాకు ద్రవయాంత్రికం పరీక్ష. ఒక్క ముక్క తలకెక్కేది కాదు. అప్పుడు చివరి ఏడాదిలో ఉన్న యతిరాజు దగ్గరికొచ్చి, "బరువు సగానికి తగ్గించు, పంపు పిల్లిలా ఉంటుంది. ప్రయాణాల మీటరుకు బరువుతో పనిలేదు, వంపులే లెక్కపెడుతుంది. అంకెలు నిన్నటివే రాసెయ్. అందరం చేసేదే" అన్నాడు. తగ్గించాను. పంతొమ్మిది రోజులు రెక్క నీడన కూర్చుని హాయిగా చదువుకున్నాను. పరీక్షలో రెండో స్థానం వచ్చింది. ఆ తర్వాత నేను దాన్ని మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను.

ఇరవై ఏడు వేలకు నలభై వేలని రాశాం. పగులు పుట్టక ముందు మూడేళ్ళూ ఇదే తీరు అనుకుంటే, మా రెక్క నిజంగా తట్టుకున్నది అరవై వేలు కాదు, నలభై వేలు. సగం ఇరవై వేలు. పద్నాలుగు కొంగల్లో పదకొండు ఆ హద్దును ఎప్పుడో దాటిపోయాయి.

సెప్టెంబరు 18

దస్తగిరి మామ పంపు విప్పి శుభ్రం చేస్తున్నాడు. పక్కన కూర్చుని ఫొటో చూపించాను. మసక పట్టీలంటే ఏమిటో చెప్పాను. చేతిలో గుడ్డ ఆపాడు.

"అన్నీ నీవేనా మా?"

"నావి పంతొమ్మిది రోజులు. మిగతావి అందరివీ."

"నావి గూడా ఉండాయి. పంపు పోతే కొత్తది రాదని నాకు తెలుసు. అది ఏడుస్తాంటే చూడలేక నేనే తగ్గించినా శానాసార్లు. మీటరు తిరుగుతాండాది గదా అనుకున్యా." ఫొటోను వెలుతురుకు పట్టి, "ఇనుము ఇట్ల రాసిపెట్టుకుంటాదని ఎవురనుకున్యారు" అన్నాడు.

"మేడమ్‌కు చెప్పాలి మామా."

"చెప్పు. నా పేరు గూడా చెప్పు. నీ ఒక్కదాని మీద పడనీయొద్దు."

సెప్టెంబరు 25

పంతొమ్మిదో తేదీనే మేడమ్ ముందు అన్నీ పెట్టాను, ఆవిడ మొత్తం చూశారు. తలుపు వేయలేదు, గొంతు తగ్గించలేదు. ఫొటోల మీది తేదీలన్నీ రబ్బరుతో చెరిపేసి, "ఇవి ఏవి ఎక్కడివో చెప్పకుండా వేరే మనిషితో లెక్కపెట్టిద్దాం. నీ భయం నీ లెక్కను వంచి ఉండొచ్చు" అన్నారు.

నా తరగతి పద్మలత ఐదు రోజులు కూర్చుని లెక్కపెట్టింది. ఇరవై ఆరు వేల ఎనిమిది వందలు.

"ఆరేళ్ళుగా ఈ రిజిస్టరు అడుగున నా సంతకం కూడా ఉంది నాంచారీ. నేను అంకెలు కూడేదాన్ని గానీ ఒక్కరోజూ జాకీ మీటరు వంక చూడలేదు" అన్నారు మేడమ్. తర్వాత, "దొంగ కొలతలు రాస్తే ఏం చేస్తారో నిబంధనల పుస్తకంలో ఉంది. చదివావా?"

"చదివాను. పేరు కొట్టేస్తారు."

"చదివాకే వచ్చావా?"

"చదివాకే."

సెప్టెంబరు 29

బెజవాడ కొంగల రేవు నుంచి యతిరాజు వచ్చాడు. ఇప్పుడతను అక్కడ భద్రతాధికారి. ఏ కొంగ ఎగరొచ్చో, ఏది ఎగరకూడదో రాసిచ్చేది అతనే. మనిషి చిక్కిపోయాడు. సూక్ష్మదర్శినిలోంచి చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇది నా బ్యాచ్ కదూ?" అన్నాడు ఒక పట్టీని చూపించి.

"అవును."

"నాంచారీ, విను. ఈ రెక్క నలభై వేలకు విరిగింది. మూడో కొంగ ఇంకా ముప్పై వేలు కూడా కాలేదు. పది వేల ప్రయాణాల దూరముంది. ముప్పై ఏళ్ళలో ఒక్క కొంగ రెక్కా విరగలేదు."

"ఇది ఉప్పుగాలి తగలని రెక్క. ఎండలో ఎండలేదు, కెరటాల మీద పడలేదు. మనకు తెలిసింది ఒకే ఒక్క రెక్క సంగతి. రెండోది దీనికంటే ముందే విరగొచ్చనే కదా సగం అన్నది?"

"నాకు పాఠం చెప్పకు. ఆ సగం ఎందుకో నాకూ తెలుసు." లేచి అటూ ఇటూ నడిచాడు. "వచ్చేది తుపాన్ల కాలం. పదకొండు కొంగలు ఆపితే ఏమవుతుందో తెలుసా? ఆపిన ప్రతి రోజూ ఎవరో ఒకరు చస్తారు. రెక్క విరిగితే చచ్చేది పద్దెనిమిది మంది. అదీ విరిగితే."

"ఎక్కేవాళ్ళకు తెలియాలి కదా" అని మాత్రం అనగలిగాను.

అతను వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాడు. "నువ్విచ్చే కాగితంలో నా పేరు రాస్తావా?"

"నా పేరు రాస్తాను. నీది నువ్వే రాసుకోవాలి."

అక్టోబరు 1

దొంగ కొలతల సంగతి రాసిన కాగితం కమిటీకి ఇచ్చే ముందు అత్తకు చెప్పాలనుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ చేశాను. పడవల రేవులో ఉంది, వెనక తాళ్ళు లాగుతున్న కేకలు.

మొత్తం చెప్పాను. పంతొమ్మిది రోజుల సంగతీ చెప్పాను.

"నీ చదువు మాటలు నాకు చెప్పమాక. ఎక్కితే పడుద్దా, పడదా?"

"తెలియదత్తా."

"తెలవదా?"

"ఎవరికీ తెలియదు."

"మూడేళ్ళ నించి ఎక్కుతన్నా నాంచారీ. మంగళారం, శుక్కురారం. నా కోడలు లోపల లెక్క చూత్తందిలే అని ధీమాగా కూసునేదాన్ని. పక్కన కూసున్నోళ్ళకి కూడా చెప్పేదాన్ని."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

"ఇచ్చెయ్ ఆ కాయితం. నా గురించి ఆగమాక. నేను పడవెక్కి బెజవాడ పోతా, అక్కడే ఎక్కడో ఉంటా. కానీ నీ మీద కోపం పోలా నాకు. ఇప్పుడప్పుడే పోదు."

అక్టోబరు 2

ఇచ్చాను. మొదటి సంతకం నాది, రెండోది దస్తగిరి మామది, మూడోది మేడమ్‌ది.

అక్టోబరు 5

పదకొండు కొంగలు ఆగిపోయాయి. ఆపమని రాసిచ్చిన కాగితం మీద యతిరాజు సంతకం ఉంది. పన్నెండోది, పదమూడోది, పద్నాలుగోది మాత్రం తిరుగుతున్నాయి. ప్రతి లైనుకూ పది రోజులకోసారి.

అక్టోబరు 16

విచారణ ఒక్క పూటలో అయిపోయింది. నన్ను రెండేళ్ళు బయటికి పంపారు. తర్వాత మళ్ళీ మూడో ఏడాది నుంచి చేరొచ్చట, కమిటీకి ఇష్టమైతే. మేడమ్ విభాగాధిపతి పదవి వదిలేశారు, పాఠాలు చెప్పడం మానలేదు. దస్తగిరి మామకు ఇంక్రిమెంటు ఆపారు. "ఎట్లాగూ ఇంకా రెండేండ్లే ఉండాది మా" అన్నాడు.

హాస్టలు ఖాళీ చేస్తుంటే బెజవాడ రేవు నుంచి కబురు. కొంగల రెక్కలు విప్పి రివెట్టు రంధ్రాలు చూడాలి, పగులును గుర్తుపట్టే కళ్ళు కావాలి, విద్యార్థిగా కాదు, రోజుకూలీగా వస్తావా అని. ఆ సాయంత్రమే బస్సెక్కాను.

అక్టోబరు 30

రేవులోనే పని, పక్క షెడ్డులోనే పడక. పగులు ఏ రంధ్రం దగ్గర పుడుతుందో తెలుసు కాబట్టి ఒక్కో కొంగకు మూడు రోజులు చాలు. రేకు విప్పడం, రివెట్లు తీయడం, రంధ్రం కడిగి ఎర్ర రంగు నూనె పూయడం, తుడవడం, తెల్ల పొడి చల్లడం. పగులు ఉంటే అందులో దాక్కున్న నూనె పొడి మీదికి ఎర్రటి గీతగా ఊరుతుంది. లేకపోతే పొడి తెల్లగానే ఉంటుంది.

మూడో కొంగ, తెల్లగా ఉంది. మొదటిది తెల్లగా ఉంది. రెండోది, ఐదోది తెల్లగా ఉన్నాయి.

ఏది బయటపడాలని కోరుకోవాలో తెలియడం లేదు. పొడి చల్లి పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలు నేను షెడ్డు బయట నడుస్తాను.

ఇవాళ కొత్తలంక నుంచి ఒక మనిషిని పడవలో తెచ్చారు. పాము కరిచింది. తుపాను గాలికి పడవ రెండు గంటలు ఆలస్యమైంది, దారిలోనే ప్రాణం పోయింది. సైకం ఏడుకొండలు, ముప్పై ఎనిమిదేళ్ళు. కొంగ తిరుగుతుంటే అరగంటలో వచ్చేవాడు. రేవులో వాళ్ళ తమ్ముడు, "ఏ రెక్కా ఇరగలేదు, మా అన్నని మాత్రం చంపారు" అని అరుస్తుంటే అందరం పని ఆపి తలలు వంచుకున్నాం. ఆ కాగితం ఇచ్చింది నేనని అతనికి తెలియదు.

అత్త ఆసుపత్రి వెనక సత్రంలో ఉంటోంది. రోజూ సాయంత్రం వెళ్తాను. అన్నం పెడుతుంది, మాట్లాడదు.

నవంబరు 12

ఎనిమిది కొంగలు చూశాం. ఎక్కడా పగులు లేదు.

యతిరాజు మీద ఒత్తిడి ఎక్కువగా ఉంది. దిబ్బల పెద్దలు రోజూ వస్తున్నారు. మధ్యాహ్నం నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "చూసిన ఎనిమిదింటినీ ఎగరడానికి వదిలేస్తాను. వాటికి రంధ్రం చూసిన రుజువు ఉంది, ఆరు నెలలకోసారి మళ్ళీ చూస్తాం. సరేనా?"

అది సరైన మాటే. సరేనన్నాను.

"మిగతా మూడూ కూడా వదిలెయ్యమంటున్నారు. ఎనిమిది బాగుంటే మూడు బాగుండవా అని."

"నువ్వేమన్నావ్?"

"ఏమీ అనలేదు" అన్నాడు నేల చూస్తూ. "రేపు పొద్దున ఏడోది విప్పుదాం. వాళ్ళు మళ్ళీ అడిగేలోపే."

నవంబరు 15

ఏడో కొంగ. ఇరవై రెండు వేల ప్రయాణాలు. మూడోదాని కంటే ఏడు వేలు తక్కువ తిరిగింది.

ఎడమ రెక్క, అదే దూలం, అదే రంధ్రం. పొడి చల్లి బయటికి నడవబోతుంటే యతిరాజు చెయ్యి పట్టుకుని ఆపాడు. పొడి మీద ఎర్రగా, బియ్యపు గింజంత గీత. చూస్తుండగానే ముదిరింది.

తుడిచి మళ్ళీ పూశాం. మళ్ళీ వచ్చింది.

"ఎన్నాళ్ళు ఆగేది?" అన్నాడు.

"ఏడాది ఆగొచ్చు. ఒక పెద్ద కెరటం మీద వాలితే ఆ రోజే పోవచ్చు."

అతను లోపలికి వెళ్ళి అరగంట తర్వాత వచ్చాడు. కమిటీకి ఉత్తరం రాశాడట, బరువు తగ్గించే పద్ధతి నాకు చూపించింది తనేనని, తన బ్యాచ్ పట్టీలు ఏవో కూడా. "ఉద్యోగం ఉంటుందో లేదో. ముందు మిగతా రెండూ విప్పుదాం" అని రెంచీ అందుకున్నాడు.

సాయంత్రం అత్తకు చెప్పాను. కంచంలో చెయ్యి ఆపింది.

"నేనెక్కేది బానే ఉందా?"

"మూడోది బాగుంది."

"మరి ఏడోది ఏ లైను?"

"కొత్తలంక."

అత్త కంచం పక్కకు జరిపింది. "ఆ పాము కరిసినాయనది కొత్తలంకేగా. ఆయన పెళ్ళానికి ఎవరన్నా చెప్పారా?"

"లేదు."

"నువ్వెళ్ళి చెప్పు. కాయితం పంపమాక. ఎళ్ళు."

నెలన్నర తర్వాత ఆవిడ నాతో ఇన్ని మాటలు మాట్లాడింది.

నవంబరు 18

తెల్లారి పడవెక్కితే కొత్తలంక చేరేసరికి మధ్యాహ్నం మూడు. చెక్క ఇళ్ళు, ఎండబెట్టిన రొయ్యలు, గాలికి కొట్టుకుంటున్న టార్పాలిన్లు. ఏడుకొండలు భార్య పేరు వీరవేణి. వల ముందేసుకుని కూర్చుంది. ఇద్దరు ఆడపిల్లలు అరుగు మీద రాసుకుంటున్నారు.

నేనెవరో చెప్పాను. ఆవిడ చేతులు ఆగలేదు. కొంగలను ఆపించిన కాగితం నాదేనని చెప్పాను. అప్పుడు ఆగాయి.

"మా మరిది నీ పేరే ఎతుకుతున్నాడు" అంది.

"తెలుసు."

రెక్క సంగతి, నేను చేసిన తప్పు, ఏడో కొంగలో పగులు, అన్నీ చెప్పాను. ఎంతుందని అడిగింది. వేలి మీద గోటితో చూపించాను. నా వేలు దగ్గరికి లాక్కుని చూసింది.

"ఇంతదానికా?"

"అంతే ఉంది. పెరుగుతుంది."

ఆవిడ పిల్లల వైపు తిరిగింది. పెద్దదానికి పదేళ్ళుంటాయి. "ఈళ్ళిద్దరూ సోమారం పొద్దున దాంట్లోనే బడికి పోయేవోళ్ళు. శనారం వచ్చేవోళ్ళు." అని వలను ఒళ్ళోకి లాక్కుంది. నేను లేవాలో కూర్చోవాలో తెలియక కూర్చున్నాను. క్షమించమని అడగాలని వచ్చాను గానీ, అడిగితే ఆవిడ మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందనిపించింది. అడగలేదు.

చిన్నపిల్ల వచ్చి, "కొంగ మళ్ళీ ఎప్పుడొచ్చుద్ది?" అని అడిగింది.

వీరవేణి నా మొహం చూసింది. అత్త ఫోనులో అడిగినప్పటి కంటే ఇప్పుడు చెప్పడం కష్టంగా ఉంది.

"ఏడోది ఇంక రాదమ్మా. దాని బదులు ఐదోది పంపుతామంటున్నారు. దాని రంధ్రాలు నేనే చూశాను, బాగున్నాయి. ఆరు నెలలకు మళ్ళీ విప్పి చూస్తాం. అప్పుడు ఏముంటుందో మాత్రం ఇప్పుడు చెప్పలేను."

పిల్లకు సగమే అర్థమైంది. వీరవేణికి మొత్తం అర్థమైంది. వలను పక్కకు జరిపి లేచింది.

"ఆరు నెలలకి చూశాక," అంది, "ఏదుంటే అది ఇక్కడికొచ్చి చెప్పు. నాకే చెప్పు."

వస్తానన్నాను. తిరుగు పడవకు ఇంకా గంట ఉంది. ఆవిడ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, నా చేతికివ్వకుండా, అరుగు మీద నా పక్కన పెట్టి వెళ్ళింది.